రక్తబిందువులో సీసపు జాడ – నాడి పట్టిన చేతికి ప్రయోగశాల నేర్పిన పాఠము

వైద్యుడు తన హస్తవాసిని గురించి చెప్పుకొను కథలు లోకములో కొల్లలు. తన పొరపాటును గురించి చెప్పుకొను కథలు అరుదు. నేడు నేను ఆ రెండవ రకపు కథతోనే మొదలుపెట్టుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రితము కోనసీమ నుండి ఒక కొబ్బరి రైతు మా వైద్యశాలకు వచ్చినారు. వయస్సు యాభై దాటినది. మధుమేహము కలదు. నాలుగు నెలలుగా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్లు నొప్పి, విడువని మలబద్ధకము, అన్నము సహించకపోవుట, కాళ్లలో చేతులలో సత్తువ లేకపోవుట. పెద్ద ఆసుపత్రిలో కడుపు స్కానింగు చేయించుకొనగా ఏ దోషమూ కనబడలేదట. నేను నాడి చూచినాను. వాతము ప్రకోపించి ఉన్నది. వాతశూల అని నిశ్చయించి, హింగ్వాష్టక చూర్ణమును భోజనపు మొదటి ముద్దతోను, ఆముదమును రాత్రిపూటను ఇచ్చి, పథ్యము చెప్పి పంపినాను. వారము దినములు నిమ్మళించినది. మరల వచ్చినది. మందు మార్చినాను. మరల నిమ్మళించినది, మరల వచ్చినది. ఇట్లు రెండు నెలలు గడచినవి.

ఒకనాటి ఉదయము వారు వచ్చినప్పుడు ఎండ సూటిగా ముఖము మీద పడుచున్నది. నాలుక చూపుటకు నోరు తెరచినారు. దంతములు చిగుళ్లను తాకు అంచున, సన్నని కాటుక గీతవలె, నీలపు నలుపు గీత ఒకటి కనబడినది. కనురెప్ప క్రిందికి లాగి చూచినాను. లోపల తెల్లగా పాలిపోయి ఉన్నది. అప్పుడు అడిగినాను: "బాబూ, నా మందు కాక ఇంకేమైనా పుచ్చుకొనుచున్నారా?" ఆయన తల వంచుకొన్నారు. వెంట వచ్చిన కోడలు మెల్లగా చెప్పినది: "సుగరుకని ఎవరో తెచ్చిచ్చిన పొడి వాడుతున్నారండీ మావయ్యగారు. ఏడాది దాటిందండీ. మీకు చెప్పొద్దన్నారండీ, ఆయ్." మరునాడు ఆ పొట్లము తెచ్చి చూపినది. పేరు లేదు, ఊరు లేదు, తయారుచేసిన తేదీ లేదు. బూడిద నలుపు రంగు, పరిమాణమునకు మించిన బరువు. "ఆయుర్వేదమే కదండీ, చెడుపు చెయ్యదనుకున్నానండీ" అన్నారు ఆ రైతు. ఆ మాట నా గుండెలో నేటికీ గుచ్చుకొనియే ఉన్నది.

నా మిత్రుని కుమారుడు ఒక ప్రయోగశాలలో వైద్యుడు. రోగిని అతని వద్దకు పంపినాను. అతడు రక్తమును గాజుపలక మీద పులిమి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచి, ఆ సాయంత్రమే ఫోను చేసినాడు: "పెదనాన్నగారూ, ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపిస్తున్నాయి. సీసమేమోనని అనుమానంగా ఉంది. రక్తం, పొడి రెండూ హైదరాబాదు పంపిస్తున్నాను." వారము తరువాత ఫలితము వచ్చినది. రక్తములో సీసము చికిత్స చేయవలసిన హద్దును ఎంతో మించి ఉన్నది. పొడిలో ఉన్నదీ సీసమే. మన శాస్త్రము నాగమని పిలుచు లోహము అది. నాగభస్మము ప్రమేహమునకు చెప్పబడినదే. కాని ఆ పొట్లములో ఉన్నది శాస్త్రము చెప్పిన భస్మము కాదు, సగము కాలిన లోహపు పొడి.

రోగిని పెద్ద ఆసుపత్రిలో చేర్చుకొని, సీసమును పట్టి మూత్రము ద్వారా వెలుపలికి తెచ్చు మందులు ఇచ్చినారు. నొప్పి పోయినది, రక్తము పట్టినది. నా హింగ్వాష్టకము అబద్ధము కాదు. అది వాయువును అణచుచునే ఉన్నది. కాని ఒక చేతితో నేను మంట ఆర్పుచుండగా, మరియొక చేయి ప్రతి ఉదయము అందులో నెయ్యి పోయుచున్నది. ఆ రెండవ చేతిని నా నాడీజ్ఞానము చూడలేకపోయినది. రెండు గంటల యంత్రము చూచినది. ఆనాటి నుండి ఈ పరీక్షలు ఎట్లు జరుగునో, అవి ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో తెలిసికొనుటకు ప్రయత్నించుచున్నాను. తెలిసినంతవరకు మీతో పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన పూర్వులు చూచిన తీరు

శరీరము నుండి వచ్చిన పదార్థమును పరీక్షించి రోగమును తెలిసికొనుట మనకు కొత్త కాదు. నాడి, మూత్రము, మలము, నాలుక, కంఠధ్వని, స్పర్శ, నేత్రము, ఆకృతి అను ఎనిమిదింటిని చూడవలెనని యోగరత్నాకరము చెప్పినది. అందులోనే తైలబిందు పరీక్ష కలదు. తెల్లవారుజామున రోగిని లేపి, మొదటి ధారను విడిచి, మధ్య ధారను పాత్రలో పట్టి, అందులో గడ్డిపరకతో నువ్వులనూనె బొట్టు వేయవలెను. నూనె వ్యాపించిన రోగము సాధ్యము, నిలిచిపోయిన కష్టసాధ్యము, మునిగిన అసాధ్యము. నేటి ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పరీక్షకు మూత్రము అడుగునప్పుడు కూడ మొదటి ధార వదలి మధ్య ధారయే తెమ్మందురు. నమూనా శుద్ధముగా లేకున్న పరీక్ష వ్యర్థమన్న సంగతి మన పెద్దలకు తెలియును.

ప్రమేహరోగి మూత్రమునకు చీమలు చేరునని చరకుడు చెప్పినాడు. విషము కలిసిన అన్నమును అగ్నిలో వేయగా చిటపటలాడి, నెమలి కంఠపు రంగున మంట లేచునని సుశ్రుతుడు కల్పస్థానములో చెప్పినాడు. ఈ మంట సంగతి గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఈ పరీక్షలన్నిటిలో ఒక గుణము, ఒక కొరత కలవు. ఉన్నదా లేదా అన్నది ఇవి చెప్పగలవు. ఎంత ఉన్నది అన్నది చెప్పలేవు. చీమలు చక్కెర ఉన్నదని చెప్పును గాని, నిన్నటికంటె నేడు తగ్గినదో పెరిగినదో చెప్పవు. విషము విషయములో "ఎంత" అన్న ప్రశ్నయే ప్రాణము.

భీమవరము బిడ్డ చూపిన నీలిరంగు

"ఎంత" అన్న ప్రశ్నకు సమాధానము చెప్పిన వారిలో మన గోదావరి తీరపు బిడ్డ ఒకరు ముఖ్యులు. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరములో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేసినారు. ఆయుర్వేద వైద్యులు గర్వపడవలసిన సంగతి ఒకటున్నది. అమెరికా వెళ్లుటకు ముందు వారు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించినారు; ఆయుర్వేద ఔషధములను ఆధునిక రీతిలో పరిశోధింపవలెనని ఆకాంక్షించినారు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. అప్పటికి ఉన్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండక లెక్కలు తప్పుచున్నవి. వీరి పద్ధతి సారాంశము ఇది: నమూనాకు మాలిబ్డినము అను లోహపు లవణము, ఆమ్లము చేర్చిన అది భాస్వరముతో కలియును. దానికి మరియొక ద్రావకము చేర్చగా నీలిరంగు వచ్చును. భాస్వరము ఎంత ఎక్కువైన నీలము అంత చిక్కన. తెలిసిన పరిమాణము గల మరియొక ద్రావణపు నీలముతో పోల్చి చూచి లెక్క కట్టవచ్చును. మన ఇండ్లలో నీలిమందు నీటిని చూచి ఎన్ని చుక్కలు వేసినారో ఇల్లాలు చెప్పగలదు కదా! ఆ చూపునకే అంకెలు తొడిగినారు.

ఇందులో ఒక చిత్రము కలదు. కండరపు సారమును పరీక్షించునప్పుడు నీలిరంగు రావలసిన వేళకు రాక, మెల్లమెల్లగా చిక్కబడుచున్నది. మరియొకరైన "పరీక్ష చెడినది" అని పారబోసియుందురు. ఈ ఇరువురు ఆ ఆలస్యమునకు కారణమేమని విచారించినారు. కండరములో భాస్వరమును పట్టియుంచి మెల్లగా విడుచు పదార్థమొకటి ఉన్నదని తేలినది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించినారు. 1929లో, దేహమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును వెలికితీసినారు. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును విడిగా కనుగొన్నాడు. కొలత తెలిసినవానికి పొరపాటు కూడ గురువగునని ఈ కథ చెప్పుచున్నది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి నేటికీ జీవరసాయన విద్యార్థుల పాఠములలో నిలిచియున్నది.

నేటి యంత్రములు ఏమి చేయును?

సుబ్బారావుగారి నీలిరంగును కన్ను చూచినది. నేటి యంత్రములు కంటికి కనబడని దానిని చూచును. వానిని మూడు తెగలుగా అర్థము చేసికొనవచ్చును.

మొదటిది లోహములను పట్టునది. సుశ్రుతుని నెమలికంఠపు మంటను ఇప్పుడు తలచుకొనుడు. రాగి లవణమును మంటలో వేసిన ఆకుపచ్చ రంగు వచ్చును. ఉప్పు వేసిన పసుపు. ఒక్కొక్క మూలకము మంటకు తన రంగు తానిచ్చునని, ఆ రంగును విడదీసి చూచి మూలకమును గుర్తింపవచ్చునని జర్మనీలో బున్సెన్, కిర్చాఫ్ అను వారు 1860 ప్రాంతమున నిరూపించినారు. సుశ్రుతునికి ఈ శాస్త్రము తెలియునని నేను చెప్పను. అట్లు చెప్పుట ఆయనకు గౌరవము కాదు. నిప్పును సాక్షిగా అడుగవచ్చునన్న చూపు మాత్రము ఒక్కటియే. 1980 ప్రాంతమున వచ్చిన ఐ.సి.పి.-ఎం.ఎస్. అను యంత్రములో ఆ నిప్పు ఆర్గాన్ వాయువుతో పుట్టును. దాని వేడి వేల డిగ్రీలు. అందులో పడిన రక్తము అణువులుగా చెదరిపోవును. ఆ అణువులను యంత్రము బరువునుబట్టి వేరుచేసి లెక్కించును.

ఎంత సూక్ష్మముగా లెక్కించును? నూరు కోట్ల భాగములలో ఒక భాగమును సునాయాసముగా పట్టును. మన లెక్కలో చెప్పవలెనన్న, పది టన్నుల ధాన్యము ఎత్తిన లారీలు నూరు వరుసగా నిలిచియున్నవనుకొనుడు. ఆ మొత్తములో ఒక్క గ్రాము, అనగా సుమారు నలభై గింజలు, వేరు జాతివి కలిసిన, వానిని ఏరి చూపును.

అంతేకాదు. సీసములోనే బరువు భేదము గల రకములు కలవు. ఏ గనిది ఏదో వాని పాళ్లనుబట్టి ఊహింపవచ్చును. బంగ్లాదేశ్‌లో గర్భిణీ స్త్రీల రక్తములో సీసము ఎక్కడిదని వెదకిన శాస్త్రజ్ఞులు, 2019లో ఈ విధముగనే పసుపును పట్టినారు. కొమ్ములు నిగనిగలాడుటకై సీసము గల పచ్చరంగును పూయుచున్నారు. ప్రభుత్వము దుకాణములను పరీక్షించి, జరిమానాలు వేసి, ప్రజలకు చెప్పగా, 2019లో సగమునకు సమీపముగా ఉన్న కల్తీ నమూనాలు 2021 నాటికి మార్కెట్టులో కనబడకపోయినవి. గృహవైద్యమునకు తలమానికమైన పసుపు విషయమే ఇట్లున్నది!

రెండవ తెగ యంత్రములు పురుగుమందులు, ఔషధములు మొదలగు రసాయనములను పట్టునవి. రక్తపు సారమును సన్నని గొట్టములో నడిపించిన, తిరునాళ్లలో గుంపు విడివడినట్లు, ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేగముతో వెలుపలికి వచ్చును. వచ్చిన దానిని ముక్కలుచేసి తూచిన, ఆ ముక్కల బరువులే దాని వేలిముద్ర. దీనిని ఎల్.సి.-ఎం.ఎస్. అందురు.

మూడవ తెగ, తాళమునకు తాళపుచెవి వలె ఒక్క పదార్థమునకే అతుకు ప్రతిరక్షకములతో చేయునది. దీని మహిమ మన డెల్టావాసులకు బాగుగా తెలియవలెను. బోదకాలు పరీక్షకు ఆరోగ్యశాఖవారు రాత్రివేళ ఇంటింటికీ వచ్చి వేలిని గుచ్చి రక్తము తీయుట పెద్దలకు గుర్తుండును. ఆ పురుగు పిల్లలు రాత్రివేళనే రక్తములో తిరుగును. నేడు చిన్న పట్టీ మీద ఒక్క రక్తపు బొట్టు వేసిన, పెద్ద పురుగు విడుచు పదార్థము ఉన్నదో లేదో పది నిమిషములలో గీత పడి చెప్పును, పగలైనను సరే. ఉన్నదని తేలిన ఇచ్చు హెట్రజాన్ మందు కూడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టినదే.

ఏలూరు నేర్పిన పాఠము

ఇన్ని యంత్రములుండగా ఇక చింత ఏమి అని మీరనవచ్చును. దానికి సమాధానము మన పశ్చిమ గోదావరిలోనే జరిగినది. 2020 డిసెంబరు మొదటి వారములో, అప్పటికి ఆ జిల్లా కేంద్రమైన ఏలూరులో, ఉన్నట్లుండి జనము పడిపోసాగినారు. మూర్ఛ, కొన్ని నిమిషముల స్పృహలేమి, వాంతి, తలనొప్పి, భయము. పసిపిల్లలు, వృద్ధులు, స్త్రీలు, పురుషులు అన్న భేదము లేదు. పది దినములలో 600 మందికి పైగా ఆసుపత్రులకు చేరినారు. ఒకరు మరణించినారు. అధికులు కొన్ని గంటలలోనే తేరుకొని ఇండ్లకు పోయినారు. కోవిడు రోజులు కనుక ముందు ఆ పరీక్ష చేసినారు, అది కాదు. మెదడు స్కానింగులలో దోషము లేదు. ఒకరినుండి మరియొకరికి అంటుట లేదు.

ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ రోగుల రక్తమును పరీక్షించి సీసము, నికెలు అధికముగా ఉన్నవని చెప్పినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషములను పట్టినది. నీటిని, పాలను, కూరగాయలను అనేక సంస్థలు పరీక్షించినవి. నెల మధ్యలో ప్రభుత్వము జరిపిన సమీక్షలో పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమని నిపుణులు అభిప్రాయపడినారు. అవి అంతమంది దేహములలోనికి ఏ మార్గమున చేరినవో ఆ సమీక్షలో తేలలేదు. దీర్ఘకాల పరిశీలన కావలెనన్నారు.

వైద్యునిగా ఇందులో నేను మూడు సంగతులు గ్రహించినాను. మొదటిది, యంత్రము అడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. సీసము కొరకు చూచినచో సీసమును, పురుగుమందు కొరకు చూచినచో పురుగుమందును చూపును. ఏది అడుగవలెనో నిర్ణయించువాడు రోగి ఎదుట కూర్చున్న వైద్యుడు. రెండవది, కనబడినదెల్ల కారణము కాదు. మన దేశములో 2000 సంవత్సరము వరకు పెట్రోలులో సీసము కలిసినది. రంగులలోను, బ్యాటరీలలోను నేటికీ ఉన్నది. కావున రోగి రక్తములో సీసము కనబడినంత మాత్రమున ఆ రోగము దానివలననే వచ్చినదని చెప్పరాదు. ఆ ఊరిలోనే ఆరోగ్యముగా ఉన్నవారి రక్తముతో పోల్చి చూడవలెను. మూడవది, కాలము. అనేక పురుగుమందులు కొద్ది దినములలో మూత్రము ద్వారా వెడలిపోవును. సీసము రక్తములో నెల పైచిలుకు నిలిచి, ఎముకలలో చేరి సంవత్సరములు దాగును. జాడ చెరిగిపోక మునుపే నమూనా పట్టవలెను. వేకువ ఝామునే మూత్రము పట్టమన్న మన శాస్త్రము, కాలనియమమును ఊరకనే చెప్పలేదు.

మన ఇంటిని మనము పరీక్షించుకొనుట

ఇప్పుడు అసలైన చేదు మాట. 2004లో అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణములలో అమ్ముచున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా, 14 మందులలో సీసము, పాదరసము లేక పాషాణము ఉన్నట్లు ఒక వైద్యపత్రిక ప్రకటించినది. 2008లో 193 మందులను పరీక్షించినప్పుడును సుమారు అయిదవ వంతు అట్లే తేలినవి. ఆనాడు మా వైద్యులలో అనేకులు "ఇది మన మీద కుట్ర" అన్నారు. నేనును సభలలో అట్లే మాట్లాడినాను. భారత ప్రభుత్వము మాత్రము 2006 జనవరి 1 నుండి విదేశములకు ఎగుమతియగు మూలికా మందులకు లోహపరీక్షను తప్పనిసరి చేసినది. పది లక్షల భాగములలో సీసము 10, పాషాణము 3, పాదరసము 1, కాడ్మియము 0.3 భాగములు మించరాదన్నది హద్దు.

మా గురువుగారు భస్మమును పరీక్షించుట నాకు నేర్పినారు. నీటి మీద తేలవలెను, అది వారితరము. వ్రేళ్ల గీతలలో దూరవలెను, అది రేఖాపూర్ణము. మెరుపు ఉండరాదు, అది నిశ్చంద్రము. మరల కాల్చిన లోహముగా మారరాదు, అది అపునర్భవము. ఇవి గొప్ప పరీక్షలు. ఇవి లేకుండ తయారైన భస్మము తాకరానిది. కాని ఇవి భస్మము యొక్క రూపమును చెప్పును గాని, దానిని తిన్నవాని రక్తములో ఎంత చేరినదో చెప్పవు. ఆ ప్రశ్న అడుగు సాధనము మా గురువుగారికి లేదు. నాకు ఉన్నది. ఉండియు అడుగకపోయిన దోషము నాది.

కొబ్బరి రైతు సంగతి జరిగిన తరువాత, నా వైద్యశాలలోని పది మందులను పరీక్షకు పంపినాను. నిజము చెప్పవలెనన్న, నా నిర్దోషమును చాటుకొనుటకే పంపినాను. తొమ్మిది హద్దులో ఉన్నవి. పదవది లోహము ఊసే లేని ఒక లేహ్యము. కేవలము మూలికలు, బెల్లము, నెయ్యి. అందులో సీసము హద్దు మించినది! రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూలికలను విడివిడిగా పంపినాను, దోషము లేదు. బెల్లము పంపినాను, లేదు. చివరకు లేహ్యము వండు పాత్ర మిగిలినది. అది మా గురువుగారు నాకు ఆశీర్వదించి ఇచ్చిన ఇత్తడి గుండిగ. దానికి ఏటేటా కళాయి పూయించుచుందును. కళాయికి శుద్ధమైన తగరము వాడవలెను. ధర తక్కువని అందులో సీసము కలిపి పూయువారు కలరు. ఉసిరిక పులుపు ఆ కళాయిని తినుచు, సీసమును లేహ్యములోనికి దించుచున్నది. మూడు దశాబ్దములుగా ఆ గుండిగలో వండిన మందును నేను బాలింతలకు ఇచ్చినాను.

ఆ గుండిగ ఇప్పుడు మా పూజగదిలో ఉన్నది. వంటకు స్టీలు పాత్ర వాడుచున్నాను. నాగభస్మము కలిసిన యోగములను మానివేసినాను. సీసమునకు హాని లేని పరిమాణమంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ప్రమేహమునకు పథ్యము, నడక, పొడపత్రి, వేగిస మొదలగు మార్గములు నాకు ఉండగా, ఆ సాహసము చేయుటకు మనసొప్పదు. రసౌషధములన్నియు విషములని నేను చెప్పుట లేదు. విషము కాదని నోటిమాటతో చెప్పు కాలము పోయినదని మాత్రమే చెప్పుచున్నాను.

పాఠకులు గుర్తుంచుకొనవలసినవి

1. పేరు, తయారీ సంస్థ, లైసెన్సు నెంబరు, తేదీ లేని పొడిని ఎవరిచ్చినను పుచ్చుకొనరాదు. పాదరసము, పాషాణము, వత్సనాభి, గంజాయి మొదలగు విషద్రవ్యములు గల ఆయుర్వేద మందుల పెట్టె మీద "వైద్య పర్యవేక్షణలోనే వాడవలెను" అన్న హెచ్చరిక ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. చూచి కొనుడు.

2. ఏ వైద్యుని వద్దకు పోయినను, తాము వాడు ప్రతి పొడిని, కషాయమును, మాత్రను చెప్పవలెను. ఆయుర్వేద వైద్యునికి అల్లోపతి మందులు, అల్లోపతి వైద్యునికి ఆయుర్వేద మందులు దాచరాదు.

3. జుట్టునకు, గోళ్లకు వాడు బయోటిన్ మాత్రలు థైరాయిడు మొదలగు కొన్ని రక్తపరీక్షల ఫలితమును తారుమారు చేయగలవు. పరీక్షకు ముందు ఎన్నాళ్లు ఆపవలెనో అడుగవలెను. మెంతులు, కాకర వాడువారు ఆ సంగతి చెప్పి చక్కెర పరీక్ష చేయించుకొనవలెను.

4. మూత్రములో పాషాణము పరీక్ష చేయించువారు ముందు మూడు నాలుగు దినములు చేపలు, రొయ్యలు మానవలెను. సముద్రపు చేపలలో హాని చేయని ఒక రకపు పాషాణము సహజముగా ఉండును. గోదావరి భోజనము చేసి పరీక్షకు పోయిన, లేని భయము పుట్టును.

5. సీసమునకు రక్తము, పాషాణమునకు మూత్రము సరియైన నమూనాలు. లోహపరీక్షకు ప్రత్యేకమైన గొట్టములో రక్తము తీయవలెను. చర్మమును బాగుగా శుభ్రము చేయవలెను. వేలి మీది దుమ్ములోని సీసము రక్తములో కలిసిన అబద్ధపు ఫలితము వచ్చును.

6. ఇంటిలో కళాయి గిన్నెలలో చింతపండు పులుసు, నిమ్మ, ఉసిరి నిలువ ఉంచరాదు. కళాయి పూయువాడు వాడు తగరము ఏదో తెలిసినప్పుడే పూయించుడు. కంటికి కొట్టవచ్చు పచ్చని పసుపును చూచి మురియవలదు.

7. బ్యాటరీల పని, పాత రంగులు గీకు పని, నగల పని చేయు ఇండ్లలో పిల్లలకు కడుపునొప్పి, పాలిపోవుట, చదువులో మందగింపు ఉన్నచో, రక్తములో సీసపు పరీక్షను వైద్యునితో చర్చింపవలెను. 5 మైక్రోగ్రాములు, అనగా 100 మిల్లీలీటర్ల రక్తమునకు, లేక అంతకు మించి ఉన్నచో మూలమును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది.

ముగింపు

మొదట రోగమును, పిదప ఔషధమును పరీక్షించిన తరువాతనే చికిత్సకు పూనుకొనవలెనని చరకుడు వైద్యుని శాసించినాడు. ఇన్నాళ్లు రోగిని పరీక్షించుట నా పనియనియు, నన్ను పరీక్షించుట ఎవరి పనియు కాదనియు నేను అనుకొన్నాను. ఇప్పుడు ఏటికొకసారి నా మందులు ప్రయోగశాలకు పోవును. ఆ కాగితములు మందుల బీరువా తలుపునకు అంటించియుండును. అడిగినవారు చదువుకొనవచ్చును.

మొన్న సంక్రాంతికి ఆ కొబ్బరి రైతు గెల పట్టుకొని వచ్చినారు. ఆ కాగితములను కొంతసేపు చూచి, "ఇదేంటండీ వైద్యులుగారూ, మందులకి కూడా మార్కులేశారా?" అని నవ్వినారు. "వేయించుకొన్నాను బాబూ. మీ పుణ్యమే" అన్నాను. నాడి చూడుటకు చేయి చాచినారు. వాతము నెమ్మదిగా ఉన్నది. అయినను రక్తపరీక్షకు చీటీ వ్రాసి ఇచ్చినాను, పుచ్చుకొన్నారు.